బడి వర్క్‌షాపులో రేకు పని: ఉపాధ్యాయులకు సురక్షితంగా నేర్పే పద్ధతి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి పక్కన పెట్టి స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని నేర్చుకోవాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం సూచించింది. అంతకు ముందే, 2016లో మొదలైన పథకం కింద, పిల్లలు పనిముట్లతో తామే చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులు బడుల్లోకి వచ్చాయి. వీటి ఫలితంగా నిన్నటి దాకా సుద్దముక్క మాత్రమే పట్టిన భౌతికశాస్త్రం, లెక్కల ఉపాధ్యాయుల చేతికి రేకు కత్తెర, చెక్క సుత్తి, వస్తువును బిగించి పట్టే బెంచ్ వైస్ వచ్చాయి. పిల్లల కంటే ముందు వారికి నేర్పవలసి ఉంది. రేకు పని బోధకుడిగా చాలా ఏళ్ళు గడిపి, ఆ తర్వాత ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ వచ్చిన నేను ఆ శిక్షణను మెట్టు మెట్టుగా ఎలా నడపాలో ఇక్కడ రాస్తున్నాను. పది పన్నెండు మంది ఉపాధ్యాయులకు మూడు రోజుల్లో పూర్తయ్యే పద్ధతి ఇది.

మొదటే ఒక సంగతి చెప్పాలి. నేను బోధకుడిగా చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం కోత పని పూర్తయింది, పనిముట్లన్నీ సర్దేశాం. ఒక కుర్రవాడు మిగిలిన రేకు ముక్కను పక్కవాడికి అందించాడు. అందుకున్నవాడికి పట్టు దొరక్క ముక్క జారింది. 24 గేజి జి.ఐ. రేకు (జింకు పూత పూసిన ఇనప రేకు; గేజి దాని మందం కొలత) అంచు వాడి బొటనవేలి మొదట్లో అంగుళం మేర చర్మాన్ని తెరిచేసింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రోజు నేను వాళ్ళకు రేకును కోయడం నేర్పాను గానీ, ఒకరికొకరు అందించుకోవడం నేర్పలేదు. ఆ తర్వాత నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం యంత్రం దగ్గర జరిగినవి కావు. మోసేటప్పుడు, అందించేటప్పుడు, తుడిచేటప్పుడు, అంటే ఎవరూ దాన్ని పనిగా లెక్కపెట్టని క్షణాల్లో జరిగినవే. అందుకే ఈ శిక్షణలో కోత కన్నా పట్టు ముందు వస్తుంది.

మొదటి మెట్టు: ముందు రోజు సన్నాహం

శిక్షకుడు ఒక రోజు ముందే వర్క్‌షాపుకు వెళ్ళి ప్రతి పనిముట్టునూ చేతిలోకి తీసుకుని చూడాలి. సుత్తి తల పిడిలో కదులుతున్నదా, ఉలి తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుందా, ఆకురాయికి పిడి ఉన్నదా, వైస్ దవడలు సమంగా మూసుకుంటున్నాయా అన్నవి పరిశీలించాలి. విచ్చుకున్న ఉలి తల మీద సుత్తి పడితే ఉక్కు పెళ్ళ విరిగి కంటిలోకి వెళ్ళే ప్రమాదం ఉంది కనుక, దాన్ని ముందు అరగదీయించాలి లేదా పక్కన పెట్టాలి. పిడి లేని ఆకురాయి తోక అరచేతిలో దిగుతుంది. పాడైన పనిముట్టును తీసి దాచకుండా, విడిగా ఒక పెట్టెలో పెట్టి ఉంచితే శిక్షణ మూడో రోజు పాఠానికి పనికివస్తుంది.

రేకు ఎంపికలోనే సగం జాగ్రత్త ఉంది. నేర్చుకునే చేతికి 26 లేదా 24 గేజి జి.ఐ. రేకు, లేదా ఒక మిల్లీమీటరు లోపు మెత్తని అల్యూమినియం రేకు చాలు. స్టాండర్డ్ వైర్ గేజ్ (ఎస్.డబ్ల్యు.జి.) లెక్కన 26 గేజి 0.46 మిల్లీమీటర్లు, 24 గేజి 0.56, 22 గేజి 0.71, 18 గేజి 1.22 మిల్లీమీటర్లు. సంఖ్య పెరిగేకొద్దీ మందం తగ్గుతుందన్న సంగతి కొత్తవారిని తరచూ తికమక పెడుతుంది. దుకాణంలో ‘ఇంకొంచెం పెద్ద గేజి’ అని అడిగి, పలుచని రేకుతో తిరిగి వచ్చిన ఉపాధ్యాయులను నేను చూశాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న నిండు రేకు 24 గేజిలో సుమారు 13 కిలోలు, 18 గేజిలో 28 కిలోలకు పైగా తూగుతుంది. బరువు కంటే దాని వెడల్పే ప్రమాదం, ఎందుకంటే వరండా మలుపులో ఒక గాలి విసురు తగిలితే అది తెరచాపలా తిరుగుతుంది. అందుచేత నిండు రేకులను బడికి తేకుండా, దుకాణంలోనే రెండడుగుల చదరాలుగా కోయించి తెప్పించడం మేలు.

రెండో మెట్టు: వేడి లేకుండా లోహం ఎలా వంగుతుందో చేతితో తెలుసుకోవడం

ఈ పాఠానికి అరగంట, మనిషికొక జానెడు రాగి తీగ చాలు. తీగను ఒకే చోట ముందుకూ వెనక్కూ వంచమని చెప్పండి. మొదటి వంపు సులువుగా వస్తుంది, మూడో వంపుకు తీగ మొరాయిస్తుంది, ఇంకొన్ని వంపులకు పుటుక్కున తెగుతుంది. లోహంలోని స్ఫటికాలు సర్దుకునేంత వేడి లేనప్పుడు చేసే మలుపు ప్రతిదీ దాన్ని ఇంకొంత గట్టిపరుస్తుంది, ఇంకొంత పెళుసుగా చేస్తుంది. వేడి చేయకుండా మలచడంలో ఉన్న బలమూ, బలహీనతా రెండూ ఇదే. ఈ సంగతి వేళ్ళకు తెలిసిన ఉపాధ్యాయుడు, తప్పుగా వంచిన మూలను పిల్లవాడు మళ్ళీ మళ్ళీ తిరగవంచుతుంటే చూస్తూ ఊరుకోడు. అలా వంచిన గీత దగ్గర పగులు వస్తుంది, పగిలిన అంచు కత్తెర కోసిన అంచు కన్నా పదునుగా ఉంటుంది.

ఆ వెంటనే రెండో ప్రయోగం చేయించండి. అల్యూమినియం పట్టీని వైస్‌లో బిగించి సరిగ్గా మూలమట్టానికి వంచి వదిలితే, అది రెండు మూడు డిగ్రీలు వెనక్కి తెరుచుకుంటుంది. దీన్ని వర్క్‌షాపుల్లో స్ప్రింగ్ బ్యాక్ అంటారు. ముందే ఆ మేరకు ఎక్కువ వంచాలని తెలియని పిల్లవాడు బలం చాలలేదనుకుని పెద్ద సుత్తి అందుకుంటాడు. రేకు మీద కనిపించే సన్నని చారలు అది రోలర్ల మధ్య సాగిన దిశను చెబుతాయి. ఆ చారలకు అడ్డంగా వంచితే రేకు నిలుస్తుంది, వాటి వెంబడి వంచితే పగిలే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఒక్క మాట. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితోనూ సుత్తితోనూ బొమ్మలు తేల్చే కళాకారులు ఉన్నారు. హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్ళే దారిలోనే ఆ ఊరు. వీలైతే శిక్షణలో ఉన్న ఉపాధ్యాయులను ఒక పూట అక్కడికి తీసుకువెళ్ళండి. ఒక నిపుణుడు ఎంత తక్కువ బలంతో, ఎన్ని చిన్న దెబ్బలతో లోహాన్ని కదిలిస్తాడో దగ్గర నుంచి చూసినవారికి, సుత్తి పని బలప్రదర్శన కాదని నేను వేరే చెప్పనక్కరలేదు.

మూడో మెట్టు: పట్టు, మోత, అందింపు

మొదటి రోజు మధ్యాహ్నమంతా దీనికే కేటాయించండి. ఇంత సమయం ఎందుకని ఉపాధ్యాయులు అడుగుతారు, అడిగినా తగ్గించవద్దు.

రేకును రెండు చేతులతో, అరచేతులు అంచు మీద జారకుండా, పై నుంచి గిల్లినట్టు కాకుండా నిండుగా పట్టుకోవడం మొదటి అభ్యాసం. జారిపోతున్న రేకును ఎన్నడూ పట్టుకోబోకూడదు. చేతులు వెనక్కి తీసి, పాదాలు పక్కకు తప్పించి, పడనివ్వాలి. ఇది మనిషి సహజ స్వభావానికి విరుద్ధం కనుక మాటతో రాదు. అందుకే నేను రేకు కొలతలకు కోసిన అట్ట ముక్కలతో ఈ అభ్యాసాన్ని చేయిస్తాను. ‘వదిలెయ్’ అని అరిచిన మరుక్షణం చేతులు విడవాలి. పదిసార్లకు గానీ ఆ అలవాటు కుదరదు.

అందింపుకు ఒకే ఒక పద్ధతి ఉండాలి: చేతి నుంచి చేతికి రేకు ఇవ్వకూడదు. ఇచ్చేవారు బెంచీ మీద పెట్టి చేతులు తీయాలి, ఆ తర్వాతే తీసుకునేవారు ముట్టుకోవాలి. నా కుర్రవాడి బొటనవేలు ఆ రోజు తెగకుండా ఉండటానికి ఈ ఒక్క నియమం సరిపోయేది.

చేతి తొడుగుల విషయంలో సగం తెలిసిన జ్ఞానం ఎక్కువ కీడు చేస్తుంది. నూలు గ్లౌజులు మురికి నుంచి కాపాడతాయే తప్ప రేకు అంచును ఆపలేవు. తోలు గ్లౌజులు గానీ, ఇ.ఎన్. 388 అనే ఐరోపా ప్రమాణం గుర్తుతో కోత నిరోధక స్థాయిని ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ వరకు అక్షరంలో చూపే గ్లౌజులు గానీ మోతకు, కోతకు వాడాలి. అయితే తిరిగే యంత్రం దగ్గర, అంటే డ్రిల్లింగ్ యంత్రం వద్దా, రేకును గుండ్రంగా చుట్టే రోలర్ల వద్దా, ఏ గ్లౌజూ ఉండకూడదు. గ్లౌజు కొస చిక్కుకుంటే దానితోపాటు చెయ్యీ లోపలికి పోతుంది. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో ప్రతి బెంచీ ముందూ రాసి అంటించండి.

దుస్తుల సంగతి మన బడులకు తగినట్టు మాట్లాడుకోవాలి. చీర కట్టుకునే ఉపాధ్యాయినులు కొంగును నడుముకు చుట్టి, పిన్ను పెట్టి, దాని మీద ఏప్రాన్ కట్టుకోవాలి. ఆడపిల్లల చున్నీ తీసి పక్కన పెట్టించి, జడను ముడి చుట్టించి లోపలికి దోపించాలి. ఉంగరాలు, గాజులు, మణికట్టుకు కట్టిన దారాలు, మెడలో వేలాడే గుర్తింపు కార్డు తాళ్ళు అన్నీ తీయాలి. కార్డు తాడును అందరూ మరచిపోతారు; అసలు అది మెడలో ఉందన్న సంగతే వారికి గుర్తుండదు. మణికట్టు దారాన్ని తీయడానికి ఇష్టపడని పిల్లలు ఉంటారు. వారిని నొప్పించకుండా, యంత్రం లేని బెంచీ పని ఇవ్వండి, లేదా దారం పూర్తిగా కప్పబడేలా బిగువైన చేతిపట్టీ వేయించండి. చెప్పులతో వచ్చిన పిల్లవాడికి ఆ రోజు చూసే పనే తప్ప చేసే పని లేదు. ఈ నియమానికి నేను ఏనాడూ మినహాయింపు ఇవ్వలేదు, ఇవ్వవద్దనే ఉపాధ్యాయులకూ చెబుతాను. అందుకు బదులుగా వర్క్‌షాపులోనే నాలుగైదు సైజుల మూసి ఉండే బూట్లు ఉంచమని ప్రధానోపాధ్యాయులను అడుగుతాను.

నాలుగో మెట్టు: గీత, కోత, అంచు

స్క్రైబర్‌తో, అంటే రేకు మీద గీతలు గీసే మొనదేలిన ఉక్కు పుల్లతో, గీసిన గీత కనబడకపోతే పిల్లలు రేకు మీదికి ముఖం వంచుతారు. గీతకు ముందు మార్కింగ్ నీలం గానీ, మామూలు మార్కర్ సిరా గానీ పూయించండి, మెడ నిలబడుతుంది.

కత్తెరలో రేకును దవడల లోతుకు పెట్టాలి. కొస దాకా పూర్తిగా మూస్తే ప్రతి కోత చివరా ఒక చిన్న ముల్లు మిగులుతుంది. కొస మూసుకోవడానికి ఓ సెంటీమీటరు ముందే ఆపి, కత్తెరను ముందుకు జరిపి మళ్ళీ నొక్కాలి. ఎరుపు పిడి కత్తెర ఎడమకు తిరిగే వంపుకు, ఆకుపచ్చ పిడిది కుడికి, పసుపు పిడిది తిన్నని కోతకు అని, ఏవియేషన్ కత్తెరలు అనే రంగు పిడుల రేకు కత్తెరల విషయంలో రంగుతోనే గుర్తుపెట్టుకోవచ్చు. తప్పు రంగు పట్టినవాడి మణికట్టు రేకు అంచుకు రాసుకుంటూ పోతుంది. పిడికి పైపు తొడిగి బలం పెంచడం, పిడి మీద సుత్తితో కొట్టడం, రేకు కత్తెరతో ఇనప తీగ కోయడం పూర్తిగా నిషేధం. రేకు తెగడం లేదంటే దాని అర్థం ఆ మందం ఆ కత్తెరది కాదనే. కోత మొత్తానికి కళ్ళజోడు తప్పనిసరి, పక్క బెంచీలో నిలబడి చూసేవారికి సైతం.

కోతలో అన్నిటికన్నా చెడ్డవి సన్నని పొడుగాటి తుంటలు. రేకు గీత దగ్గర అర సెంటీమీటరు పట్టీ మిగిలితే అది చుట్ట చుట్టుకుని మణికట్టు వైపే వస్తుంది. కాబట్టి గీతను అంచుకు దూరంగా గీయించి, మిగులు కనీసం రెండు సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. తుంటలు నేల మీద పడకూడదు. ప్రతి ఇద్దరికీ ఒక ఖాళీ నూనె డబ్బా బెంచీ మీదే ఉండాలి. బెంచీని తుడిచేది కుంచెతోనే, చేత్తో కాదు, నోటితో ఊదడం అసలే కాదు.

ఇప్పుడు అంచు. దీన్ని కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఉపాధ్యాయులు ‘అయిపోయింది’ అనుకునేది ఇక్కడే. కోసిన ముక్కను రెండు చెక్క పట్టీల మధ్య పెట్టి వైస్‌లో తక్కువ ఎత్తుకు బిగించాలి. ఆకురాయిని అంచుకు అడ్డంగా తోయకుండా, అంచు వెంబడి, కొద్దిగా వాలుగా, ఒకే దిశలో నడపాలి. రెండు ముఖాల వైపూ రెండేసి సార్లు, ఆ తర్వాత మూలలు కొద్దిగా గుండ్రంగా. అయ్యిందో లేదో వేలితో చూడకూడదు. చిటికెడు దూది తీసుకుని అంచు పొడవునా తేలికగా లాగాలి. బర్, అంటే కోత వదిలిన సన్నని గరుకు ముల్లు, మిగిలి ఉంటే దూది పీచు అక్కడ చిక్కుకుని తెల్లగా నిలబడుతుంది. ఆ పీచు చిక్కిన చోటే మళ్ళీ ఆకురాయి పెట్టాలి. ఒక్క పీచూ నిలవని అంచునే మలుపు పనికి అనుమతించాలి. ఉపాధ్యాయులు ఈ దూది పరీక్షను చూడగానే పట్టేస్తారు; పిల్లలకైతే ఇది పోటీ అయిపోతుంది, ఎవరి అంచుకు దూది అంటలేదో చూసుకుంటూ తామే మళ్ళీ మళ్ళీ సాపు చేస్తారు. వస్తువు చేతికి తగిలే పక్కల మీద ఆరు మిల్లీమీటర్ల మడత వేయించి పూర్తిగా నొక్కించడం దీని తర్వాతి పని. అలా మడిచిన అంచు గుచ్చుకోదు, బలంగానూ ఉంటుంది.

అయిదో మెట్టు: వంపు, సుత్తి దెబ్బ

రేకు మీద ఇనప సుత్తి కాదు, చెక్క సుత్తి వాడాలి. ఒకచోట బలంగా కొట్టకుండా, వంపు గీత పొడవునా ఒక కొస నుంచి మరో కొసకు తేలికగా కొట్టుకుంటూ పోవాలి. పట్టుకున్న చెయ్యి దెబ్బ పడే చోటికి కనీసం ఒక బెత్తెడు దూరంలో ఉండాలి. చిన్న ముక్కను చేత్తో పట్టుకోకుండా పట్టకారుతోనో, క్లాంపుతోనో పట్టాలి.

పదిమంది ఒకేసారి రేకు కొడితే పెంకుటింటి పైకప్పు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ళు హద్దుగా పెట్టాయి. పిల్లల చెవులకు అంత మోత కూడదు. దాగలి కింద పాత టైరు రబ్బరు ముక్కో, గోనెసంచి మడతో వేసి, తోలు ఇసుక సంచీ మీద పని చేయించి, ఒక విడతకు ముగ్గురు నలుగురికే సుత్తి ఇచ్చి, మిగతావారికి గీత పనీ అంచు పనీ అప్పగిస్తే మోత బాగా తగ్గుతుంది. ఉపాధ్యాయుడి ‘ఆపండి’ అన్న మాట వినబడటమూ ముఖ్యమే.

గట్టిపడిన రాగినో అల్యూమినియాన్నో మళ్ళీ మెత్తబరచడానికి వేడి చేసే పని తలెత్తితే, దాన్ని ఈ శిక్షణలో కలపకండి, వేరే రోజు, వేరే ఏర్పాట్లతో నేర్పండి. జి.ఐ. రేకును మాత్రం ఎన్నడూ మంట మీద పెట్టించకూడదు. దాని మీద ఉన్న జింకు పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలి జ్వరం వస్తుంది.

ఆరో మెట్టు: చేతి యంత్రాలు

బడిలో సాధారణంగా కనిపించేవి పిడి లాగి రేకు కోసే లీవర్ షియర్, రేకు మడిచే ఫోల్డర్, చేతితో తిప్పే రోలర్లు. విద్యుత్తుతో నడిచే ప్రెస్సు, గిలెటిన్ (పెద్ద రేకు కోత యంత్రం) బడి పిల్లల కోసం కాదు. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లోని 23వ సెక్షను ప్రమాదకరమైన యంత్రం మీద పనిచేసే చిన్న వయసువారికి దాని ప్రమాదాలు పూర్తిగా వివరించి ఉండాలనీ, తగిన శిక్షణ గానీ అనుభవజ్ఞుల పర్యవేక్షణ గానీ ఉండాలనీ చెప్పింది. బడి ఫ్యాక్టరీ కాకపోయినా, అంతకన్నా తక్కువ జాగ్రత్తతో నడపడానికి మనకు కారణం లేదు.

మూడు యంత్రాలకూ ఒకే మూలసూత్రం: పని మొత్తం ఒకే మనిషి చేతులదై ఉండాలి. ఒకరు రేకు పట్టుకోగా మరొకరు లీవరు లాగడం అన్నిటికన్నా ప్రమాదకరమైన ఏర్పాటు. లాగేవారికి పట్టుకున్నవారి వేళ్ళు కనబడవు. సాయం చేయాలనే మంచి మనసుతోనే పిల్లలు ఇలా చేస్తారు కనుక, ఉపాధ్యాయులకు దీన్ని ముందే చెప్పి ఉంచండి. యంత్రం చుట్టూ నేల మీద పసుపు గీత గీయించండి. గీత లోపల ఒక్కరే ఉండాలి.

లీవర్ షియర్ పిడి తన బరువుతోనే కిందికి పడుతుంది. వాడనప్పుడు పిడిని మేకు పెట్టి బంధించి, ఆ మేకుకు తాళం వేయాలి, తాళం చెవి ఉపాధ్యాయుడి జేబులో ఉండాలి. రేకును అదిమిపట్టే మరను రేకు మందానికి సరిచేయకపోతే కోత సమయంలో రేకు పైకి లేచి ముంజేతిని కొడుతుంది. ఫోల్డరుకు వెనక బరువులు ఉంటే, అవి తిరిగే మేర ఎవరూ నిలబడకూడదు. రోలర్ల దగ్గర రేకు లోపలికి పోయే సందే గండం. రేకును అంచు దగ్గర కాకుండా వెనక భాగంలో అరచేతితో ఆనించి, రెండో చేత్తో పిడిని నెమ్మదిగా తిప్పాలి, రేకు రోలర్లను పట్టుకోగానే ఆనించిన చెయ్యి తీసేయాలి. ప్రతి ఉపాధ్యాయుడూ ప్రతి యంత్రాన్నీ శిక్షకుడి కళ్ళ ముందు మూడుసార్లు నడపాలి. అందులో ఒకసారి మధ్యలో ‘ఆపండి’ అంటే ఆపి, యంత్రాన్ని బంధించి, వెనక్కి జరిగి చూపాలి.

ఏడో మెట్టు: గాయమైతే

తెగిన చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కన్నా ఎత్తున పెట్టి, మధ్యలో తెరిచి చూడకుండా పది నిమిషాలు పట్టుకోవాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం వేయకూడదు. అవి గాయంలో చేరి వైద్యుడి పనిని కష్టం చేస్తాయి. కంటిలో లోహపు రవ్వ పడితే నలపకూడదు, తీయబోకూడదు, కన్ను మీద ఒత్తిడి పడకుండా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రక్తం ఆగకపోతే, వేలు కదలకపోతే, స్పర్శ తెలియకపోతే 108కి ఫోన్ చేయాలి. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో ఉండే క్రిముల వల్ల వస్తుంది కనుక మెరిసే కొత్త రేకు గీరినా జాగ్రత్త అవసరమే. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా పదేళ్ళకూ, పదహారేళ్ళకూ ఇచ్చే టి.డి. టీకా పిల్లలకు పడిందో లేదో వర్క్‌షాపు మొదలవకముందే తల్లిదండ్రులను అడిగి రాసిపెట్టుకోవాలి.

ఎనిమిదో మెట్టు: నేర్పడం నేర్వడం, అనుమతి

మూడో రోజు ఉపాధ్యాయులు ఒకరికొకరు పావుగంట పాఠం చెప్పుకుంటారు. వినేవారు పిల్లల్లాగే ప్రవర్తించాలి: ఒకరు కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకోవాలి, ఒకరు స్నేహితుడికి రేకు చేతికివ్వాలి, ఒకరు సుత్తితో గాలిలో ఆడాలి. చెప్పేవారు పాఠం ఆపి సరిదిద్దారా, చూసీ కొనసాగించారా అన్నదే నేను రాసుకునేది. దానికి ముందు ఒక బెంచీ మీద నేను కావాలనే ఏడు తప్పులు పెట్టి ఉంచుతాను. సన్నాహం రోజున పక్కన పెట్టిన వదులు సుత్తి, విచ్చుకున్న ఉలి, పిడి లేని ఆకురాయి ఇక్కడికే వస్తాయి. వీటికి తోడు నేల మీద ఒక తుంట, మేకు పెట్టని షియర్ పిడి, రోలరు దగ్గర ఒక గ్లౌజు, బెంచీ అంచు దాటి బయటికి పొడుచుకు వచ్చిన రేకు. ఏడూ అయిదు నిమిషాల్లో కనిపెట్టాలి. మొదటిసారి చాలామంది బెంచీ అంచు దాటిన రేకును చూడరు. పెద్దవారికి అది నడుము దగ్గర ఉండి కంటికి ఆనదు గానీ, ఆరో తరగతి పిల్లకు ఇంకా పైకి, ఛాతీ వైపు వస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల కంటి ఎత్తు నుంచి గదినంతా ఒకసారి చూడమని అప్పుడు చెబుతాను.

అనుమతి మనిషికి కాదు, పనికి ఇవ్వాలి. ఒక ఉపాధ్యాయుడు కత్తెర, వంపు పనిలో నిలబడి, రోలర్ల దగ్గర తడబడితే, పుస్తకంలో మొదటి రెంటికే సంతకం పెట్టి, మూడోదాన్ని తేదీతో సహా ఖాళీగా ఉంచాలి. ఆ పుస్తకం ఒక ప్రతి ప్రధానోపాధ్యాయుడి దగ్గర, ఒక ప్రతి వర్క్‌షాపు తలుపు లోపలి వైపు ఉండాలి. పది మంది పిల్లలకు ఒక శిక్షణ పొందిన పెద్ద మనిషి అన్నది నేను పాటించే లెక్క. లీవర్ షియర్ తెరిచిన రోజు ఆ యంత్రానికే ఒకరు. సంతకం ఏడాదికి చెల్లుతుంది. ఏడాది తిరిగాక ఉపాధ్యాయుడు మళ్ళీ వచ్చి ఒక రేకు కోసి, దూది పరీక్ష చూపి, బెంచీ మీది ఏడు తప్పులు కనిపెట్టి, కొత్త తేదీ వేయించుకుని వెళ్ళాలి.